ముందు నీళ్లు, ఆ తర్వాతే మందు

కోనసీమలో ఆక్వా రైతుకు గండం తెల్లవారుజామునే. రాత్రంతా చెరువులోని నాచు, చేపలు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి. పొద్దు పొడిచే వేళకు అది అట్టడుక్కి పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే రైతు ముందు ఏరేటర్లు వేస్తాడు, కొత్త నీళ్లు పెడతాడు, మేత ఆపేస్తాడు. మందుల కొట్టుకు వెళ్లేది ఆ తర్వాతే. ముమ్మిడివరం, అల్లవరం, మలికిపురం వైపు చెరువుగట్ల మీద పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్నవి బడిమెట్టు ఎక్కనివాళ్లకు కూడా రోజువారీ మాటలు. అలాంటి సీమలోనే, హాల్లో టీవీ పక్కన పెట్టుకున్న అక్వేరియంలో గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరిస్తే, ఇంట్లోవాళ్ల చేయి మొదట వెళ్లేది నీలంమందు సీసా మీదికి. చెరువు దగ్గర తెలిసిన విద్య గాజుతొట్టి దగ్గర ఎందుకు గుర్తుకు రాదు? ఇళ్లలో చచ్చిపోతున్న రంగుచేపల్లో చాలావాటికి అసలు జబ్బు నీళ్లదే. చేప ఒంటిమీద కనిపించే తెగులు తరచుగా ఆ నీటి జబ్బుకు ఆఖరి అంకం. అందుకే వైద్యం నీళ్లతో మొదలుకావాలి.

దీనికి ఆధారం చేప బతికే తీరులోనే ఉంది. అది తిన్నచోటే విసర్జిస్తుంది, విసర్జించిన నీటితోనే ఊపిరి తీస్తుంది. మొప్పల గుండా అది వదిలే అమ్మోనియా చెరువులో లక్షల లీటర్లలో పలచబడుతుంది. అక్వేరియంలో ఉండేది యాభై లీటర్లో, వంద లీటర్లో. ఆ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేపలు కొంతవరకు తట్టుకుంటాయి, మొదటి రెండూ విషాలు. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండవు. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లాడి పుట్టినరోజుకు తొట్టినీ, పది చేపల్నీ ఒకేరోజు తెచ్చిన ఇంట్లో రెండోవారంలో చావులు మొదలయ్యాయంటే, ముందు అనుమానించాల్సింది దీన్నే. అమ్మోనియాలో మళ్లీ రెండు రూపాలున్నాయి, ఎక్కువ హాని చేసేది అందులో ఒకటి. నీటి వేడి 25 డిగ్రీలు, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఆ విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి పెరిగితే 5 శాతం దాటుతుంది, 9కి పెరిగితే మూడోవంతు దాటుతుంది. మన వేసవిలో మామూలే అయిన 30 డిగ్రీల నీటిలోనైతే పీహెచ్ 8 దగ్గరే 7 శాతం దాటిపోతుంది. ఇక నైట్రైట్ నేరుగా రక్తం మీద దెబ్బ తీస్తుంది. హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక కొట్టుకుంటుంది. ఈ స్థితిలో మందు పోయడమంటే, తలుపులు మూసిన గదిలో పొగ పెట్టి లోపలున్నవాడికి దగ్గుమందు తాగించడమే.

కోనసీమ నీళ్ల కథ వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఒకే కుళాయిలోంచి ఏడాదిలో నాలుగు రకాల నీళ్లు వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి కాలువలే ఈ లంకసీమకు తాగునీటి ఆధారమయ్యాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు మంచినీటి చెరువులో నిలవచేసిన నీళ్లే దిక్కు, అవి చిక్కబడేకొద్దీ బ్లీచింగ్ మోతాదు పెరుగుతుంది. జూన్‌లో కాలువలు వదలగానే మురికినీళ్లు, ఆ వెనకే వరద ఎర్రనీళ్లు. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం. మనిషిని కాపాడే ఆ మోతాదే చేప మొప్పల్ని కాల్చేస్తుంది. ఒకరోజు వెడల్పాటి బకెట్లో నిలవపెట్టి గాలి కొట్టించినా, హైపో అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా వేసినా క్లోరిన్ పోతుంది. సముద్రం దగ్గరి సఖినేటిపల్లి, అంతర్వేది, కాట్రేనికోన వైపు బోరునీళ్లలో ఉప్పు, కఠినత్వం రెండూ ఎక్కువ. మోలీలు, గప్పీలు వాటిని భరిస్తాయి, టెట్రాలు భరించలేవు. వీటన్నిటికీ భయపడి కొందరు ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ల నీళ్లే పోస్తారు. మంచినీళ్లే కదా అన్నది వాళ్ల నమ్మకం. కానీ అమ్మోనియాను మార్చే బాక్టీరియా పనిచేసేకొద్దీ నీటిలోని ఆల్కలినిటీని ఖర్చుచేస్తాయి. ఆర్వో నీటిలో అది ముందే అంతంతమాత్రం. కొద్దివారాల్లో పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది, బాక్టీరియా పని మానేస్తాయి, అమ్మోనియా పేరుకుంటుంది.

అయితే ఇది నీటి జబ్బా, సూక్ష్మజీవి తెచ్చిన తెగులా అని ఇంట్లో కూర్చుని తేల్చుకునేదెలా? ప్రయోగశాల కంటే ముందు పనికొచ్చే సాక్ష్యం ఒకటుంది: ఎన్ని చేపలు, ఎంత వేగంగా, ఏ వేళ. రకరకాల జాతుల చేపలన్నీ కొద్దిగంటల్లో ఒకేసారి తల్లడిల్లితే అది దాదాపుగా నీళ్లో, విషమో, ఆక్సిజన్ లోపమో. ఏ పరాన్నజీవికీ గప్పీనీ, ఏంజెల్‌నీ, గోల్డ్‌ఫిష్‌నీ ఒకే ఉదయం పడగొట్టేంత తొందర ఉండదు. ఒకటి తర్వాత ఒకటి, రోజుల తేడాతో, ఒకే రకం గుర్తులతో జబ్బుపడితే అంటువ్యాధి. ఒక్కటే మూలకు చేరి మిగతావి హాయిగా తిరుగుతుంటే దెబ్బో, ముసలితనమో, తోటి చేపల దాడో అయ్యుంటుంది. తెల్లవారుజామున నోళ్లు తెరిచి పొద్దెక్కాక తేరుకుంటే ఆక్సిజన్ తక్కువ. నీళ్లు మార్చిన గంటలోపు ఎగిరెగిరి పడితే క్లోరిన్‌నో, వేడి తేడానో అనుమానించాలి. దోమల కాలంలో మరో కారణం తరచుగా తప్పించుకుపోతుంది. కాయిల్స్‌లో, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో, స్ప్రేల్లో ఉండే పైరెథ్రాయిడ్లు మనిషికి స్వల్ప హాని చేస్తాయేమో గాని చేపకు తీవ్రమైన విషాలు. తొట్టి గాలిపంపు గదిలోని ఆ గాలినే పీల్చి నేరుగా నీటిలోకి నెడుతుంది. చేపలున్న గదిలో ఇవి వాడకూడదు. గత్యంతరం లేకపోతే పంపును మరో గదిలో పెట్టి గొట్టం మాత్రం ఇవతలికి లాగాలి, తొట్టికి మూత ఉంచాలి.

ఈ సాక్ష్యం దొరకాలంటే బాగున్న చేప ఎలా ఉంటుందో కంటికి అలవాటై ఉండాలి. మేత వేసే రెండు నిమిషాలూ చూస్తే చాలు. రోజూ ముందు పరుగెత్తేది ఈరోజు వెనకబడిందా, రెక్కలు ఒంటికి అతుక్కున్నాయా, గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోందా, మొప్పలు మామూలుకంటే వేగంగా ఆడుతున్నాయా, రంగు వెలిసిందా, మలం తెల్లటి దారంలా వేలాడుతోందా? ఇవి తొలి గుర్తులు. వీటి దశలో నీళ్లు బాగుచేస్తే చాలా చేపలు ఏ మందూ లేకుండానే కోలుకుంటాయి. ఒళ్లు ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని, పైనుంచి చూస్తే దేవదారు కాయలా కనిపించే దశకు వచ్చాక లోపలి అవయవాలు దెబ్బతిని ఉంటాయి. అప్పుడు మంచి వైద్యుడున్నా బతికేది తక్కువ.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. సూక్ష్మజీవులు లేవా? తెల్లమచ్చ నిజం కాదా? నిజమే. ఒంటినిండా ఉప్పురవ్వ చల్లినట్టు కనిపించే ఆ తెల్లమచ్చ రోగానికి ఇక్తియోఫ్తీరియస్ అనే ఏకకణ పరాన్నజీవి కారణం. రొయ్యల చెరువుల్ని 1990ల మధ్యలో ఊడ్చేసిన వైట్ స్పాట్‌తో దీనికి చుట్టరికం లేదు, అది వైరస్. నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా, కొత్త చేపతో పాటు ఈ జీవి వస్తే రోగం వస్తుంది, చికిత్స చేయాల్సిందే. కానీ దాని జీవితచక్రం చూస్తే మందు ఎందుకు విఫలమవుతుందో తెలుస్తుంది. చర్మం కింద దూరి పెరిగే దశలో దానికి మందు తగలదు. పెరిగాక అది రాలి అడుక్కి చేరి, గూడు కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ ఇంకో చేపను వెతుక్కునే ఒకటి రెండు రోజుల్లోనే మందుకు చిక్కుతాయి. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం తిరగడానికి వారంలోపే పడుతుంది, చలినీళ్లలో వారాలు పడుతుంది. మచ్చలు మాయమవగానే రోగం పోయిందని మందు ఆపేసిన ఇంట్లో పది రోజులకు అంతకు పదింతల మచ్చలు తిరిగి వస్తాయి. ధనుర్మాసపు రాత్రుల్లో నీళ్లు చల్లబడి చేప బలహీనపడ్డప్పుడు ఈ రోగం ఎక్కువ. నీటి వేడిని మెల్లగా 30 డిగ్రీలకు తెచ్చి, లీటరుకు 1 నుంచి 3 గ్రాముల కల్లుప్పు విడతలుగా కలిపి, అడుగు శుభ్రం చేస్తూ, మచ్చలు పోయాక కూడా వారం పది రోజులు కొనసాగిస్తే చాలా సందర్భాల్లో పని జరుగుతుంది. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, గాలి పెంచాలి. పొలుసుల్లేని క్యాట్‌ఫిష్‌లకు, మొక్కలకు ఉప్పు పడదు, ఆ తొట్టిలో మోతాదు తగ్గించాలి.

గుర్తు తప్పితే ఇదే వైద్యం చంపుతుంది. నోటి చుట్టూ, వీపు మీద దూది అంటుకున్నట్టు కనిపించేదాన్ని అందరూ బూజు అనుకుంటారు. తరచుగా అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా తెగులు. అది వేడినీళ్లలో మరింత జోరందుకుంటుంది. తెల్లమచ్చకు మందయిన 30 డిగ్రీలు దీనికి ఆజ్యం. చెరువు రైతుకు పరిచయమైన చేప పేను మళ్లీ వేరు, కంటికే కనిపిస్తుంది, పట్టకారుతో తీయవచ్చు. ఒకే నీలంమందు ఈ మూడింటికీ పనిచేస్తుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకూడదు. నిజానికి ఆ నీలంమందు, అంటే మిథిలీన్ బ్లూ, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. మందు వేసిన నాలుగో రోజుకు అమ్మోనియా పెరిగి చేప చస్తే, ఇంట్లోవాళ్లు తెగులు ముదిరిందనుకుంటారు.

యాంటీబయాటిక్స్ సంగతి ఇంకా గంభీరమైనది. మనుషుల మందుల షాపులో టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర కొని, విప్పి, నీటిలో కలిపే అలవాటు రంగుచేపల లోకంలో పాతది. టెట్రాసైక్లిన్ కాల్షియం, మెగ్నీషియంలతో కట్టుబడిపోతుంది. మన కఠినమైన బోరునీళ్లలో పోస్తే అది చేపకు చేరేది కొద్దిపాటే. చేపకు సరిపోనిది బాక్టీరియాకు మాత్రం రాటుదేలే శిక్షణ అవుతుంది. ఇందుకు మూల్యం ఎంతో కోనసీమకు చెప్పనక్కర్లేదు. యాంటీబయాటిక్ అవశేషాల వల్లే యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగురొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు సాగులో నిషిద్ధమన్న సంగతి చెరువు యజమానులందరికీ తెలుసు. చెరువులో తప్పయినది తొట్టిలో ఒప్పు కాదు. తొట్టి నీళ్లు పారబోసేది పెరటి కాలువలోకే, ఆ కాలువ కలిసేది మురుగుబోదెలో, అక్కడి నుంచి చెరువులకే.

నీళ్లే వైద్యం అంటే వెంటనే వచ్చే మాట: నీళ్లు మార్చినప్పుడే కదండీ చేపలు చస్తున్నాయి! ఇది ఉత్త అపోహ కాదు, అనుభవంలోంచి వచ్చిన మాట, దీనికి జవాబు చెప్పాలి. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ 6 దగ్గరకు దిగిపోతుంది. ఆ పుల్లటి నీటిలో అమ్మోనియా ఎంత పేరుకున్నా నిరపాయ రూపంలోనే ఉంటుంది. చేపలు నీరసంగానైనా బతుకుతుంటాయి. ఒక ఆదివారం ఇంటివాళ్లు సగానికి పైగా నీళ్లు తోడేసి, పీహెచ్ 8 ఉన్న బోరునీళ్లు పోస్తారు. మిగిలిన అమ్మోనియా నిమిషాల్లో విషరూపానికి మారుతుంది, చేపలు కళ్లముందే పడిపోతాయి. మొత్తం నీళ్లు తీసేసి, రాళ్లు సబ్బుతో కడిగి, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద పిండేసినవాళ్లకు ఇంకో రకం నష్టం: నెలరోజులు పెరిగిన బాక్టీరియా ఒక్కపూటలో పోతుంది. ఈ రెండు చోట్లా దోషం మార్చిన పద్ధతిది. వారానికి నాలుగోవంతు, అదే వేడిలో ఉన్న క్లోరిన్ లేని నీళ్లతో మార్చాలి. స్పాంజిని తీసిన పాతనీటిలోనే పిండాలి. చాలాకాలం వదిలేసిన తొట్టిలో రోజూ పదోవంతు చొప్పున మొదలుపెట్టాలి.

ముప్పై రూపాయల చేపకు వందల రూపాయల పరీక్ష కిట్టా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చచ్చిన చేప స్థానంలో అదే నీటిలో ఇంకొకటి, మరొకటి వేస్తూ పోయేవాళ్లు ఏడాదిలో అంతకంటే ఎక్కువే ఖర్చుపెడతారు. కానీ నా అసలు జవాబు డబ్బు గురించి కాదు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లో ఆమ్లం ఎక్కించి చూసింది. అవి మేత మానేసి, పెదవుల్ని గులకకు రుద్దుకుని, అటూఇటూ ఊగాయి. మార్ఫిన్ ఇస్తే ఆ ప్రవర్తన తగ్గింది. చేప బాధ మన బాధలాంటిదేనా అన్న వాదం శాస్త్రవేత్తల్లో ఇంకా సాగుతోంది. అది తేలేదాకా బాధ లేదనుకుని వదిలేసే హక్కు, దాన్ని గాజులో బంధించి తెచ్చుకున్న మనకు ఉండదు. ఇంటికి రావాల్సిన కీడును చేప తనమీద వేసుకుని పోయిందన్న నమ్మకం కూడా చాలా ఇళ్లలో వింటాం. ఆ మాటలో చేపపట్ల కృతజ్ఞత ఉంది, దాన్ని కొట్టిపారేయను. అయితే అదే తొట్టిలో మూడో చేప కూడా పోతే, కృతజ్ఞత చూపించాల్సింది నీళ్లు పరీక్ష చేయించి.

ఎక్కడ చేయించాలి? కుక్కకు, గేదెకు ఉన్నట్టు రంగుచేపకు వైద్యుడు అమలాపురంలోనైనా సులభంగా దొరకడు. కానీ ఈ సీమకు ఉన్న సదుపాయం హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాళ్లకు లేదు. చెరువునీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులు ఇక్కడున్నాయి, లీటరు సీసాను గాలి లేకుండా నిండా నింపి ఆ పూటే తీసుకెళితే పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రైట్ చూడటం వాళ్లకు రోజూ చేసే పని. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు వచ్చిన గ్రామ మత్స్య సహాయకులు మత్స్యశాస్త్రం చదువుకున్నవాళ్లు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ కేంద్రం ఉన్నాయి. ఉండిలో మత్స్య పరిశోధన స్థానం ఉంది. సఖినేటిపల్లి రేవు దాటితే కనిపించే నర్సాపురానికి మత్స్య విశ్వవిద్యాలయం ఇస్తూ 2020లో చట్టం చేశారు, 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. రొయ్యకు, బొచ్చెకు పనిచేసే ఈ జ్ఞానంలోంచి రంగుచేపలకు తెలుగులో ఒక చిన్న కరపత్రం, నెలకోరోజు సలహా శిబిరం రావడం కష్టమేమీ కాదు. మత్స్యశాఖ దీన్ని పిల్లల సరదాగా తీసిపారేయకూడదు, దానికి కారణం ఈ చేపలు వచ్చే దారిలోనూ పోయే దారిలోనూ ఉంది.

అవి వచ్చేది ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా వైపు నుంచి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో గంటల తరబడి ప్రయాణం చేసి. సంచి విప్పగానే అందులో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకే సంచి నీళ్లు తొట్టిలో పోయకూడదు, చేపను వలతో తీసి వేయాలి. కొత్త చేపను కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. చౌకగా పని జరిగే చికిత్స ఇదొక్కటే, చాలామంది చేయనిదీ ఇదే. టైగర్ షార్క్ పేరుతో అమ్మే వేలెడు పిల్ల మన డెల్టా చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే పంగాసియస్సే. మీటరు దాటి పెరిగే చేప అది. దాన్ని రెండడుగుల తొట్టిలో పెట్టాక రోగం రాకపోతే ఆశ్చర్యం.

పోయే దారి మరీ ప్రమాదకరం. జబ్బుచేపను చంపడానికి మనసొప్పక కాలువలో వదిలేస్తారు. తొట్టి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప పెద్దదైతే దాన్నీ అలాగే వదులుతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపే ఇప్పుడు డెవిల్ ఫిష్ పేరుతో మన రాష్ట్రంలోని నదుల్లో, చెరువుల్లో వలలు చింపుతోంది, కొనేవాడు లేడు. కోయి చేప, మనం తినే బంగారుతీగ ఒకే జాతి. 1998లో ఇజ్రాయెల్‌లో, అమెరికాలో బయటపడిన కోయి హెర్పిస్ వైరస్ రెంటినీ చంపుతుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టిన పుండ్ల తెగులు కొద్ది ఏళ్లలోనే దేశమంతా పాకి కొర్రమీనుల్ని, పరిగెల్ని ఎలా తినేసిందో పెద్దవాళ్లకు గుర్తే. కాబట్టి బతకదని తేలిన చేపను బాధలో వదలకుండా సాగనంపాలి. లవంగ నూనెను కొద్దిపాటి గోరువెచ్చటి నీటిలో బాగా గిలకొట్టి, లీటరుకు దాదాపు అర మిల్లీలీటరు లెక్కన విడి గిన్నెలో కలిపి చేపను అందులో ఉంచితే అది మత్తులోకి జారిపోతుంది. మొప్పల కదలిక ఆగాక కూడా అరగంట ఉంచాలి. తర్వాత పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో, కుక్కలు తవ్వనంత లోతున పూడ్చిపెట్టాలి. తొట్టి కడిగేవాళ్ల చేతులకు గాయాలుండకూడదు, తొడుగులు వేసుకోవాలి. చేపల్లో ఉండే మైకోబాక్టీరియం మెరీనమ్ మనిషి చర్మం మీద నెలల తరబడి మానని పుండ్లు తెస్తుంది. వలనూ, తొట్టినీ బ్లీచింగ్ నీళ్లతో కడిగి, కడిగిన నీళ్లు కాలువలో కాకుండా నేలమీద పోసి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. మళ్లీ నింపాక ఫిల్టర్ ఆడిస్తూ, చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపల దుకాణానికి వెళ్లే పని పెట్టుకోవద్దు.